రెండు రంగాలు

(రంగస్థల కళల విద్యార్థుల ఎదుట ఒక సీనియర్ నటి చేసిన ప్రసంగం. ఆమె మాట్లాడిన తీరులోనే అక్షరాల్లో పెట్టాం.)

అందరికీ నమస్కారం. కూర్చోండమ్మా, కూర్చోండి. నేనూ కూర్చునే మాట్లాడతాను. తొంభై దాటాక నిలబడితే ధ్యాసంతా మోకాళ్ల మీదికి పోతుంది, మాట మీద నిలవదు.

ఆ మైకు కొంచెం అవతలికి జరుపు నాయనా. నాకంత దగ్గరగా అక్కర్లేదు. ఎందుకక్కర్లేదో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఇందాక పరిచయం చేసిన అబ్బాయి ఎనభై ఏళ్ల నటజీవితం అన్నాడు. లెక్క సరిగ్గానే చెప్పాడు. నేను మొదటిసారి మొహానికి రంగు పూసుకున్నది 1944లో, పదేళ్ల వయసులో. కానీ మీరు నాకు రాసిన ఉత్తరంలో ఒక ప్రశ్న అడిగారు, నటన ఎవరి దగ్గర నేర్చుకున్నారని. దానికి నిజంగా జవాబు చెప్పాలంటే ఇంకో రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. సముద్రం దాటి వెళ్లాలి.

మా వైపు రంగం అంటే నాటకాలాడే చోటు కాదు. రంగం అంటే బర్మాలోని రంగూను. బారువ, కళింగపట్నం, భీమిలి, విశాఖపట్నం, కాకినాడ, ఈ రేవుల్లోంచి రంగూనుకు స్టీమర్లు పోయేవి. వానలు పడకపోతే రంగం. అప్పు తీరకపోతే రంగం. అన్నదమ్ముల మధ్య మాటా మాటా వస్తే రంగం. ‘ఆడు రంగం ఎల్లిపోనాడు’ అంటే ఆ ఇంట్లో ఇంక వివరం అడగకూడదని అర్థం. 1931 జనాభా లెక్కల్లో చూడండి, రంగూను పట్నంలో సగం మందికి పైగా ఇండియా నుంచి పోయినవాళ్లే. మనవాళ్లని అక్కడ కోరంగీలు అనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. ఓడరేవులో మూటలు మోసిందీ, రిక్షాలు లాగిందీ, వడ్ల మిల్లుల్లో బస్తాలెత్తిందీ చాలామటుకు తెలుగువాళ్లు. మా నాన్న బారువ దగ్గర పల్లెలో ఒక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు పుచ్చుకుని ఓడెక్కినవాడు. పజుండాంగు కాలువ గట్టున వడ్ల మిల్లులో ఆయనకి పని. నేను అక్కడే పుట్టాను, 1934లో.

మిల్లు కూలీలకి వరసగా కట్టిన ఇళ్లని లైన్లు అనేవాళ్లం. మా లైన్లలో అన్నీ తెలుగు ఇళ్లే. పొద్దున్న లేస్తే ఊకపొట్టు వాసన, మిల్లు కూత. దూరంగా ష్వేడగోన్ బౌద్ధ గోపురం ఎండలో మెరిసేది. నాకొక తమ్ముడు. వాడికి అప్పటికి రెండేళ్లు నిండలేదు. వాడి పేరు నేను సభల్లో చెప్పను, అది మా ఇంట్లోనే ఉండనీండి.

1941 డిసెంబరు 23. పొద్దు బాగా ఎక్కాక ఆకాశంలో జపాను విమానాలు కనపడ్డాయి. జనానికి భయం తెలీదు. అంతకుముందు ఎవరూ బాంబు పడగా చూసినవాళ్లు కారు. అందరూ వీధుల్లోకి వచ్చి, చేతులు కళ్ల మీద అడ్డం పెట్టుకుని, తలలెత్తి చూస్తూ నిలబడ్డారు. తిరనాళ్లలో బాణసంచా చూసినట్టు. విమానాలు ఒకదాన్నొకటి తరుముకుంటుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. బాంబులు ఆ నిలబడ్డవాళ్ల మీదే పడ్డాయి. ఆ ఒక్కపూటలో ఎన్ని వందల మంది పోయారో! ఇళ్లలో ఉన్నవాళ్ల కంటే చూడడానికి వీధిలోకి వచ్చినవాళ్లే ఎక్కువ పోయారు. మేము బతికింది ఎందుకంటే, ఆ వేళకి అమ్మ తమ్ముడికి స్నానం చేయిస్తోంది, నేను నీళ్లు పోస్తున్నాను. అంతే. ఇంకో కారణం లేదు.

మళ్లీ క్రిస్మస్ రోజున వచ్చాయి. ఆ రాత్రికి మా లైన్లు ఖాళీ అయిపోయాయి.

ఓడలో చోటు మాలాంటివాళ్లకి దొరికే మాట కాదు. ప్రోము దాకా కొంత నడక, కొంత ఎడ్లబండి. అక్కడ ఇరావతి నది దాటి, అవతల అరకాన్ కొండలెక్కి దిగితే టౌంగుప్ అనే రేవు వస్తుంది. ఆ కొండదారి వంద మైళ్ల పైమాటే. అక్కడి నుంచి పడవ మీద అక్యాబు, తర్వాత చిట్టగాంగు, కలకత్తా. ఆ 1942లో బర్మా నుంచి నాలుగైదు లక్షల మంది ఇలా ఏదో ఒక దారిలో ఇండియా చేరారని చరిత్ర రాసేవాళ్ల అంచనా. దారిలో ఉండిపోయినవాళ్లకి సరైన లెక్క లేదు. మన తెలుగులో దీని మీద ఎంత తక్కువ రాశామో తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది. పోయినవాళ్లలో మనవాళ్లు ఎందరో ఉన్నారు. ఇది మీలో ఎవరైనా నాటకం చెయ్యాలి. నేను బతికుండగా చేస్తే వచ్చి చూస్తాను.

నాకు చెప్పుల్లేవు. మూడో రోజుకి అరికాళ్లు పొక్కి చితికిపోతే నాన్న గోనెపట్టా చింపి కట్టాడు. ఆ గోనెకి బియ్యప్పొడి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా కొత్త గోనెసంచి వాసన వస్తే నా కాళ్లు సలుపుతాయి.

కొండ మొదట్లో కలరా పట్టుకుంది. తమ్ముడు ఒక్క రాత్రిలో అయిపోయాడు. నాన్నా, ఇంకిద్దరు మగవాళ్లూ వాణ్ణి ఒక చెట్టు కింద పూడ్చిపెట్టారు. తవ్వడానికి గునపం కూడా లేదు, వెదురుకర్రతో తవ్వారు. మా వెనక జనం వస్తూనే ఉన్నారు. ఎవరూ ఆగరు, ఎవరూ అడగరు.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా వినండి. మీరు అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడే ఉంది.

మా అమ్మ ఏడవలేదు. వాడి ఒంటి మీది చొక్కా తీసి ఉంచింది. చారల చొక్కా, బొత్తాలు ఊడిపోతే పిన్నీసు పెట్టేది. దాన్ని పట్టుకుని పక్కనున్న వాగులోకి దిగింది. రాతి మీద వేసి ఉతికింది. గట్టిగా, మామూలుగా ఇంట్లో ఉతికినట్టే ఉతికింది. పిండింది. దులిపింది. ఎండ పడే బండ చూసి దాని మీద పరిచి, పక్కన కూర్చుంది. నాన్న వచ్చి, ‘సీకటడిపోతాది, నడు’ అన్నాడు. అమ్మ, ‘తడిగుంది, ఆరనీ’ అంది. నాన్న మళ్లీ ఏమీ అనలేదు. ఆయన కూడా కూర్చున్నాడు. అది ఆరేదాకా ముగ్గురం అక్కడే కూర్చున్నాం. మధ్యలో అమ్మ లేచి ఒకసారి దాన్ని తిరగేసింది. ఆరాక మడతపెట్టి బియ్యం మూటలో పెట్టి, మూట నెత్తిన పెట్టుకుని నడిచింది.

నాకు ఏడేళ్లు. ఆ వయసులో ఏది చూసినా అలాగే ముద్రపడిపోతుంది. అమ్మ చేతులు, ఆ బండ, ఆ ఎండ.

ఊరు చేరేసరికి మార్చి. బారువ అప్పటికి విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది, శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో. ఊళ్లో మాకేమీ మిగల్లేదు. విశాఖపట్నం రేవులో కూలిపని ఉందని తెలిసి నాన్న మమ్మల్ని అక్కడికి తీసుకొచ్చాడు. వన్‌టౌనులో ఒక పెంకుటిల్లు, అందులో ఒక గది. పొయ్యి పెట్టుకుని సరిగ్గా రెండు వారాలైందో లేదో, ఏప్రిల్ 6 వచ్చింది.

మీలో విశాఖవాళ్లు ఉన్నారా? చేతులెత్తండి. మీ ఊరి మీద బాంబులు పడ్డాయని మీకెంతమందికి తెలుసు? 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. విమానాల్ని మోసే ఓడ ఒకటి బంగాళాఖాతంలోకి వచ్చింది, దాని మీది నుంచి ఎగిరొచ్చాయి. పట్టపగలు. మొదట చప్పుడు వినపడింది. ఇరుగుపొరుగు వాళ్లు ఏం చేశారనుకున్నారు? వీధిలోకి వచ్చారు. చేతులు కళ్ల మీద అడ్డం పెట్టుకుని తలలెత్తారు.

మా అమ్మ అరిచింది.

అంతదాకా అమ్మ గట్టిగా మాట్లాడడమే నేను వినలేదు. ఆ రోజు గడపలో నిలబడి, ‘సూడకండి, లోపలికి పొండి, సూడకండి’ అని అరిచింది. ఆ గొంతు వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పోయింది. ఎక్కడో వీధి మలుపులో నిలబడ్డ మనిషి కూడా తల దించి లోపలికి పరుగెత్తాడు. ఆమెవరో వాళ్లకి తెలీదు, వచ్చి పదిహేను రోజులైన కూలివాళ్ల ఆడమనిషి. అయినా విన్నారు. ఆ గొంతులో అనుమానం లేదు. ఆమెకి తెలుసు, చూసినవాళ్లు ఏమయ్యారో.

ఇందాక మైకు జరపమన్నాను కదా. నేను నాటకాల్లోకి వచ్చేనాటికి పల్లెల్లో మైకుల్లేవు. పెట్రోమాక్స్ దీపాల కింద ఆడేవాళ్లం. చాప పరుచుకుని చివర్న పడుకున్న ముసలివాడికి వినపడాలి. హార్మోనియం మాస్టారు నాకు గొంతు లేపడం నేర్పుతుంటే, గొంతు నరాలతో అరవకమ్మా, పొట్టలోంచి తియ్యి అనేవారు. నాకు అర్థమయ్యేది కాదు. ఒకరోజు అమ్మ గడపలో నిలబడ్డ తీరు గుర్తొచ్చి అలా నిలబడ్డాను. కాళ్లు ఎడంగా, రెండు చేతులూ గుమ్మానికి ఆనించి. గొంతు వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటి దాకా అదే గొంతు. నాది కాదు.

బాంబులు పడ్డ మర్నాటి నుంచి పట్నం ఖాళీ అవడం మొదలైంది. ఎడ్లబళ్లు, జట్కాలు, రైలు కమ్మీలకి వేలాడేవాళ్లు. విజయనగరం, అనకాపల్లి, చోడవరం, ఎవరికి ఎక్కడ చుట్టాలుంటే అక్కడికి. నాన్న కూడా పోదామన్నాడు. అమ్మ ‘ఇంక నాను నడవను’ అంది. పోలేదు.

అలా ఖాళీ అయిన వీధిలో మిగిలిన పిల్లని నేను. పెద్దపెద్ద ఇళ్లకి తాళాలు. ఇసుక బస్తాలు, వీధి దీపాలకి నల్లరంగు. విమానదాడులప్పుడు జాగ్రత్తలు చూసే ఏ.ఆర్.పి. వాళ్లు తప్ప మనిషి జాడ ఉండేది కాదు. మా ఎదురుగా ఒక డాబా ఇంటికి ఎత్తయిన అరుగు ఉండేది. మామూలు రోజుల్లో ఆ అరుగు ఎక్కితే తరిమేవాళ్లు. ఇప్పుడు తరిమేవాళ్లు లేరు. ఎక్కాను. ఎవరూ లేని వీధికి ఎదురుగా నిలబడి, దారిలో చూసినవాళ్లందర్నీ ఒక్కొక్కరినే చేశాను. ముసలాయన్ని వీపున మోసుకుపోయిన కొడుకు. బంగారు గాజు ఇచ్చి నీళ్లు కొనుక్కున్న షావుకారు. పడవవాడు. మా నాన్న. తమ్ముణ్ణి మాత్రం చెయ్యలేదు. అమ్మనీ చెయ్యలేదు. మధ్యాహ్నం ఎండలో గంటల తరబడి చేసేదాన్ని. చూసేవాళ్లు లేకుండా చెయ్యడంలో ఒక సుఖం ఉంది. మీరందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసి చూడండి.

తిరిగొచ్చిన పిల్లలు నన్ను ‘రంగం గుంట’ అనేవారు. కొన్నాళ్లకి మా వీధిలో రేవు కూలీల నాటక సమాజం వాళ్లు హరిశ్చంద్ర ఆడుతూ, లోహితుడి వేషానికి పిల్ల కావాలని వచ్చారు. వాళ్లలో ఒకాయన మా నాన్నతో, ‘మీ పాపకి రంగప్రవేశం చేయిద్దాం’ అన్నాడు. రంగప్రవేశం. ఆ మాట వినగానే నేను ఇంట్లోకి పరుగెత్తి తలుపు వేసుకున్నాను. మళ్లీ రంగం పంపిస్తున్నారనుకున్నాను. ఆ రంగం వేరు, ఈ రంగం వేరు అని నాన్న తలుపు అవతల నిలబడి అరగంట చెప్పాడు.

1944 అది. బర్మా బియ్యం రావడం ఆగిపోయి అన్నానికి కరువు, కిరసనాయిలుకి కరువు, గుడ్డకి కంట్రోలు. రాగికి కూడా కరువే. అందుకే సర్కారు మధ్యలో బెజ్జం ఉన్న కాణీ వేసింది, చిల్లుకాణీ. మీ తాతమ్మల పెట్టెల్లో ఇంకా ఉండొచ్చు. నాకు లోహితుడి వేషానికి చిల్లుకాణీలు దారానికి గుచ్చి దండలా ఇచ్చారు. మెడలో వేసుకుని ఇంటికొచ్చాను. అమ్మ ఆ దారం విప్పి ఒక్కొక్కటీ లెక్కపెట్టి నూకలు కొంది.

లోహితుడి వేషం అంటే తెలుసుగా. పాము కరిచి చచ్చిపోయాక కాటి సీను అయ్యేదాకా కదలకుండా పడుకోవాలి. పద్యాలకి వన్స్‌మోర్లు పడితే ఆ సీను గంటా రెండు గంటలు. చంద్రమతి వేసింది మగాయనే. అప్పటికి ఆడవేషాలు చాలా చోట్ల మగవాళ్లే కట్టేవారు. స్థానం నరసింహారావుగారంతటి మహానుభావుడు ఆ కాలం వాడే, 1956లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. మా చంద్రమతిగారు నా మీద పడి గుండెలు బాదుకుని ఏడుస్తూ పద్యం ఎత్తుకునేవాడు. ఆయన కన్నీళ్లు నా బుగ్గ మీద పడేవి. నిజం కన్నీళ్లు. జనం గొల్లుమనేవాళ్లు. నేను కళ్లు మూసుకుని అనుకునేదాన్ని, మా అమ్మ ఇలా చెయ్యలేదే అని.

తొమ్మిదేళ్ల తర్వాత చంద్రమతి వేషం నాకొచ్చింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన 1953లో. అప్పటికి కాంట్రాక్టు నాటకాల్లో తిరుగుతున్నాను. ఈ పద్ధతి మీకు తెలీకపోవచ్చు. ఒక కాంట్రాక్టరు ఊరివాళ్లతో మాట్లాడుకుని, హరిశ్చంద్రుడు ఒక ఊరి నుంచి, నక్షత్రకుడు ఒక ఊరి నుంచి, చంద్రమతి ఇంకో ఊరి నుంచి, ఇలా వేషగాళ్లని పిలిపిస్తాడు. రిహార్సలు ఉండదు. సాయంత్రం రైలు దిగి, మొహానికి అర్దళం పూసుకుంటూ ‘బాబూ, మీ శ్రుతి ఎంత’ అని అడిగితే అదే పరిచయం. తెల్లారేదాకా ఆడి మళ్లీ రైలెక్కడం. ఆడపిల్లని ఒంటరిగా పంపరు కాబట్టి అమ్మ నాతో వచ్చేది. వింగు పక్కన, రంగుల పెట్టె మీద కూర్చునేది. సాధారణంగా నిద్రపోయేది. నాటకం మీద అమ్మకి పెద్ద మోజు లేదు. నాలుగు డబ్బులు వస్తున్నాయి, అంతే.

ఒక ఊళ్లో ఆ రాత్రి కాటి సీనులో నేను పిల్లాడి పక్కన కూర్చున్నాను. హార్మోనియం శ్రుతి ఇచ్చింది. పద్యం ఎత్తుకోవాలి. నా చెయ్యి వాడి పైగుడ్డ మీద పడింది. ఎలా జరిగిందో చెప్పలేను. ఆ గుడ్డ తీసి, దులిపి, మోకాలి మీద వేసి అరచేత్తో సాపు చేసి మడత పెట్టాను. ఒక మడత, రెండు మడతలు, మూడు. హార్మోనియం ఆయన మళ్లీ శ్రుతి ఇచ్చాడు. మళ్లీ ఇచ్చాడు. నేను పద్యం ఎత్తుకోలేదు. జనంలో చప్పుడు లేదు. వింగు వైపు చూశాను. పెట్టె మీద అమ్మ లేదు.

నాటకం అయ్యాక కాంట్రాక్టరు డబ్బు సగం కోసేశాడు. ‘జనం టిక్కెట్టు కొన్నది పద్యానికి, గుడ్డలు మడతపెట్టుకోడానికి కాదు’ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు కోపమొచ్చింది కానీ, ఇప్పుడాలోచిస్తే ఆయన మాటలో కొంత న్యాయం ఉంది. పద్యం చిన్న విషయం కాదమ్మా. పద్యనాటకాన్ని వెటకారం చేసేవాళ్లంటే నాకు సరిపడదు. ఆ రాగం ఎత్తుకున్నప్పుడు ఊరు మొత్తం కలిసి ఏడుస్తుంది. ఇంట్లో ఏడవడానికి వీల్లేని కోడలు, మగాణ్ణి కదా అని బిగబట్టుకున్న ముసలివాడు, అందరూ ఆ వన్స్‌మోర్‌లో ఏడ్చేసి తేలికపడి ఇళ్లకి పోతారు. నేను ఆ రాత్రి వాళ్లకి అది ఇవ్వలేదు. తర్వాత రెండూ కలిపి చెయ్యడం నేర్చుకున్నాను, ముందు మడత, తర్వాత పద్యం. ముందు చేతులు మాట్లాడితే పద్యం ఎక్కడి నుంచి వస్తోందో జనానికి తెలుస్తుంది.

తిరుగు రైల్లో తుని దాటేదాకా అమ్మ నాతో మాట్లాడలేదు. తర్వాత, ‘ఆకలేస్తందా’ అని మాత్రం అడిగింది.

సినిమాల గురించి మీరు ఎక్కువ వినాలనుకుంటారు. నేను తక్కువ చెబుతాను. 1958లో మద్రాసు వెళ్లాను. కోడంబాకం, వడపళని, ఆ స్టూడియోల చుట్టూ పదిహేడేళ్లు. అమ్మ వేషాలు, అత్త వేషాలు, పక్కింటి పిన్ని. మొదట్లో చాలా కష్టపడ్డాను. నా విద్యంతా చేతుల్లో ఉంది, కెమెరా వాళ్లేమో క్లోజప్పు అని మెడ దగ్గర కోసేసేవారు. కన్నీళ్ల కోసం గ్లిజరిన్ సీసా తెచ్చేవారు. ఒక పెద్ద కెమెరామన్ నాకు జాలిగా చెప్పాడు, ‘చేతులు ఫ్రేములో లేకపోయినా పని ఆపకమ్మా. చేతులు పని చేస్తే భుజం కదులుతుంది, భుజం కదిలితే కళ్లు మారతాయి’ అని. ఆ మాట నాకు అన్నం పెట్టింది. అప్పటి నుంచి క్లోజప్పులో కింద చేతుల్లో ఏదో ఒకటి ఉండేది. చిక్కుడుకాయలు ఈనెలు తీసేదాన్ని, పూలు కట్టేదాన్ని. తెర మీద కనపడవు.

టేకులు ఎక్కువ ఇచ్చేవారు కాదు. యుద్ధంలో ముడిఫిల్ము దొరక్క సర్కారు సినిమా నిడివిని 11,000 అడుగులకి కట్టేసిందని పాత టెక్నీషియన్లు చెప్పేవారు. యుద్ధం పోయినా ఆ పొదుపు వాళ్ల చేతుల్లోంచి పోలేదు. విజయవాడ రేడియోలో నాటకాలూ వేశాను. అక్కడ ఒక చేతిలో కాగితాలు, అవి చప్పుడు కాకుండా పక్కకి జరపడమే పెద్ద విద్య. డబ్బుల విషయం, ఇల్లు అద్దెకి ఇవ్వనన్న వాళ్ల విషయం ఇవాళ వద్దు. ఆ గాయాలు మానాయి.

1971 డిసెంబరు మాత్రం చెప్పాలి. పాకిస్తాను యుద్ధం. షూటింగు లేక విశాఖ వచ్చి ఉన్నాను. మళ్లీ కిటికీలకి నల్లకాగితాలు, మళ్లీ చీకటి. 3వ తేదీ అర్ధరాత్రి దాటాక సముద్రం వైపు నుంచి పెద్ద చప్పుడు, కిటికీలు గడగడలాడాయి. అది పాకిస్తానువాళ్ల ఘాజీ జలాంతర్గామి మునిగిన రాత్రి అని తర్వాత తెలిసింది. లేచి చూస్తే వంటింట్లో అమ్మ, చీకట్లో, మూట కడుతోంది. అరవైకి దగ్గర పడ్డ మనిషి. నేను చేత్తో తడిమి చూశాను. బియ్యం, ఉప్పు, అగ్గిపెట్టె. అడుగున నా చెప్పులు. మద్రాసులో కొనుక్కున్న మడమల చెప్పులు, ముప్ఫయ్యేడేళ్ల దాన్ని నేను. వాటిని గుడ్డలో చుట్టి పెట్టింది. ముప్ఫై ఏళ్లుగా ఆమెకి గుర్తున్నది అది. నా అరికాళ్లు.

ఆ తర్వాత కొన్నేళ్లకి ఒక సినిమాలో బిడ్డ పోయిన తల్లి వేషం. దర్శకుడు మంచివాడు, నన్ను అడిగాడు, ఏం చేస్తావని. పిల్లాడి చొక్కా ఇప్పించండి అన్నాను. కాస్ట్యూమ్స్ నుంచి ఇస్త్రీ చేసిన చొక్కా వచ్చింది. కెమెరా ముందు బండ మీద నుంచి తీసి, దాన్నే చూస్తూ, నెమ్మదిగా మడత పెట్టాను. సెట్లో లైటుబాయ్‌లు కూడా కళ్లు తుడుచుకున్నారు. పేరొచ్చింది. నా మనసులో, ఇన్నాళ్లకి అమ్మని చేశాను అనుకున్నాను. అరుగు మీద చెయ్యలేనిది చేశాను అనుకున్నాను.

1984లో ఒక సాయంత్రం దూరదర్శన్‌లో ఆ సినిమా వేశారు. అమ్మ నా పక్కన మంచం మీద కూర్చుని చూస్తోంది. ఆ సీను వచ్చింది. నేను టీవీ చూడలేదు, అమ్మని చూస్తున్నాను. సీను అయిపోయింది. అమ్మ అంది, ‘అప్పుడే మడిచేసేవేటి? ఆ గుడ్డ ఆరనేదు.’

నాకు గొంతు పెగల్లేదు. నలభై రెండేళ్లలో ఆ రోజు గురించి మా మధ్య వచ్చిన మొదటి మాట అది. అప్పుడు అడిగాను, ఆ రోజు ఎందుకు అంతసేపు కూర్చున్నావమ్మా, వాణ్ణి వదల్లేకనా అని. అమ్మ నా వైపు వింతగా చూసింది. ‘తడిగుడ్డ మూటలో ఎడితే బియ్యం ముక్కిపోవా? రెండు గుప్పిళ్లే ఉన్నాయి. నీకుండొద్దా?’ అంది.

మరి వాడి చొక్కా అక్కడే వదిలేసి రావచ్చు కదా అని అడగబోయాను. అడగలేదు. అది వదలడం ఆమె వల్ల కాలేదు, బియ్యం పాడుచెయ్యడమూ ఆమె వల్ల కాలేదు. అందుకని ఆరేదాకా కూర్చుంది. నేను అన్నేళ్లూ ఒక సగమే చేశాను. చొక్కాని చూస్తూ మడతపెట్టాను. అమ్మ ఆ రోజు చొక్కాని చూడలేదు. ఇప్పుడు గుర్తు చేసుకుంటే తెలుస్తోంది, ఆమె చెయ్యి చొక్కా మీద ఉంది, చూపు నా మీద ఉంది, నేను ఎంతవరకు నడవగలనా అని.

అమ్మ పోయాక ఒకే ఒక్కసారి స్టేజి మీద మళ్లీ చేసే అవకాశం వచ్చింది. ఈసారి నీళ్ల బకెట్టు అడిగాను. నిజంగా తడిపిన గుడ్డ. తడిగుడ్డ బరువు వేరు, చప్పుడు వేరు. దాన్ని సాగదీస్తే చేతుల్లో ఎలా ఉంటుందో... చెబితే తెలీదు.

ఇక్కడెవరి దగ్గరైనా తువ్వాలు ఉందా? బాబూ, నీ మెడలోది ఇస్తావా? బయట కుళాయి దగ్గర తడిపి తీసుకురా.

(ఒక విద్యార్థి తువ్వాలు తడిపి తెచ్చి ఇచ్చారు.)

మంచిది. ఇటు రా అమ్మా, ఆ నీలం చున్నీ అమ్మాయి, నువ్వే. స్టేజి మీదికి రా. ఆ కుర్చీ వీపు మీద వేసి పరుచు. ఊఁ. మూలలు లాగు. ఇప్పుడు నీ ఎదురుగా ఆ మొదటి వరసలో పాప ఉంది చూడు, ఏడేళ్లుంటాయేమో. ఆ పాప ఇంకా వంద మైళ్లు నడవాలి. దాన్ని చూడు. గుడ్డని చూడకు, చెయ్యి మాత్రం గుడ్డ మీద ఉండనీ.

మడతపెట్టకు, మడతపెట్టకు. కూర్చో ముందు. ఇంకా తడిగానే ఉంది.